స్పంజిక, టెర్రీ టవల్: నీరు నిలిచే సందులు

షోలాపూర్‌లోని కొంతం చౌక్ పరిసరాల్లో, తెలంగాణ నుంచి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీలకు బతుకుతెరువైన నేతలో దుప్పటితో పాటు టెర్రీ టవల్ కూడా ఉంది. ఒంటి నీటిని పీల్చే ఈ బట్టకూ, మధ్యధరా తీరాల్లో అంతకు ఎంతో ముందు నుంచే స్నానానికి వాడిన సముద్రపు స్పంజికకూ పనిలోనూ చరిత్రలోనూ పొత్తు ఉంది.

స్పంజిక మొక్కో జంతువో చాలాకాలం తేలలేదు. దాని పెద్ద రంధ్రం నుంచి నీరు ధారగా వెలువడడాన్ని 1825లో రాబర్ట్ గ్రాంట్ వివరించగా, బొంబాయి చెరువుల్లోని మంచినీటి స్పంజికలను పరిశీలించిన సైనిక వైద్యుడు హెన్రీ జాన్ కార్టర్ 1857లో రంగు రేణువులను మేపి, అవి చేరే సూక్ష్మమైన గదులను గుర్తించాడు. ఆ గదుల్లోని కాలర్ కణాలు, అంటే కొరడా వంటి తంతువు చుట్టూ గరాటు ఉన్న కణాలు, నీటిని నడిపిస్తూ అందులోని బాక్టీరియాను వడగడతాయి. షోలాపూర్ కూడా అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలోదే కనుక ఇది దూరదేశపు ముచ్చట కాదు.

తెలిసిన సుమారు 9,000 జాతుల్లో అత్యధికం సముద్రవాసులే అయినా, చాలా వాటిలో సిలికా సూదులు, అంటే కంటకాలు, ఉండడం వల్ల అవి ఒంటికి పనికిరావు. కంటకాలు లేకుండా స్పంజిన్ అనే ప్రోటీన్ పోగుల వలతోనే నిలిచే కొద్ది జాతులే స్నానానికి తగినవి. జీవకణాలు కుళ్లిపోయాక మిగిలే ఆ వలలో నీరు నిలిచేది పోగుల మధ్య సందుల్లోనే.

వాటి కోసం, ఆనాడు ఒట్టోమాన్ పాలనలో ఉన్న కాలిమ్నోస్, సిమీ దీవుల ఈతగాళ్లు చదును రాయి పట్టుకొని ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగేవారు. 1860లలో డైవింగ్ దుస్తులు వచ్చాక, లోతుల్లో ఎక్కువసేపు ఉండి త్వరగా పైకి రావడంతో రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడి ఎందరో పక్షవాతం పాలయ్యారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్పంజిక వర్తక చరిత్రలో వర్తకుల కన్నా ముందు చెప్పవలసింది వీరి గురించే.

ఉచ్చులతో నేసే టెర్రీ టవల్ కూడా ఆ ఒట్టోమాన్ సామ్రాజ్యం నుంచే వచ్చింది. 1850లో తుర్కీలో హెన్రీ క్రిస్టీ చూసిన నమూనాను అనుసరించి ఇంగ్లండులో శామ్యూల్ హోల్ట్ యంత్రం రూపొందించగా, ఆ బట్ట 1851 లండన్ మహాప్రదర్శనకు చేరింది. ఈ నేతకు రెండు పడుగులు కావాలి, ఒకటి బిగువుగా, మరొకటి వదులుగా. రెండు పేక పోగులను నేత అంచుకు కొంత దూరంలో ఆపి, మూడోదానితో కలిపి మూడింటినీ ఒక్కసారిగా కొడితే, వదులు పడుగు ఉచ్చులుగా పైకి లేస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ టవల్‌లో పత్తి నూలు తానూ తడి పీల్చుకుంటుంది గాని, స్పంజికలో మాదిరిగానే ఎక్కువ నీరు నిలిచేది ఆ ఉచ్చుల నడుమ నేతగాడు వదిలిన ఖాళీలోనే.