మార్గళి చీకట్లో బుడబుక్కలవాడు

ధనుర్మాసం కదా, ఈసారి కొంచెం భయపెట్టే విషయం రాస్తున్నాను.

ఆస్ట్రియా దేశపు పల్లెల్లో డిసెంబర్ 5 రాత్రి క్రాంపస్ అనే కొమ్ముల రాక్షసుడి వేషం కట్టి పిల్లల్ని హడలగొడతారు. ఆ వీడియోలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. చలికాలంలో పిల్లల్ని దుప్పట్లో దూరేలా చేసినవాడు మనకూ ఉన్నాడు. తెలుగువాళ్ళకు బుడబుక్కలవాడు, తమిళంలో కుడుకుడుప్పైక్కారన్. రెండు పేర్లూ అతని చేతిలోని చిన్న వాయిద్యం చప్పుడు నుంచి వచ్చినవే. నడుము సన్నగా ఉండే ఆ డమరుకానికి ముడి వేసిన తాడు వేలాడుతుంటుంది. మణికట్టు తిప్పితే ఆ ముడి రెండు వైపులా టపటపా కొడుతుంది.

మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశారు. అందులో ఇతని వేషం ఉంది: ఈకలు గుచ్చిన రంగురంగుల తలపాగా, చిరుగుల పొడుగు కోటు, చంకలో జోలె, స్తోమత ఉంటే వీపున పులితోలు.

భయం వేషంలో కంటే వేళలో ఎక్కువ. అర్ధరాత్రి శ్మశానంలో కూర్చుని జక్కమ్మను పిలిచి, ఆమె చెప్పిన పలుకు మోసుకొస్తాడని నమ్మకం. మన సౌకార్‌పేటలో అయితే నేరుగా మూలకొత్తళం శ్మశానం నుంచే వస్తున్నాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. కుక్కల నోరు కట్టే మంత్రం తెలుసనేవారు. తలుపు తీయకూడదు, ఎదురుపడకూడదు. దీపం లేకుండా వచ్చి, గడప ముందు జోస్యం చెప్పి వెళ్ళిపోతాడు. తెల్లవారాక అవే ఇళ్ళకు మళ్ళీ వస్తాడు, బియ్యానికీ పాతబట్టలకీ. మా పార్సెల్ ఆఫీసు భాషలో ఇది ‘టు పే’ బుకింగ్: సరుకు ముందు, డబ్బు తర్వాత. ఇంకో మాట. మనల్ని భయపెట్టిన ఆ కోటు మనం ఇచ్చిన పాతబట్టే!

ఈ నెలే ఎందుకంటే పంట ఇంటికొచ్చే కాలం ఇదే. హరిదాసు, గంగిరెద్దులవాళ్ళు కూడా ఇప్పుడే వస్తారు.

అసలు చెప్పదలచింది ఇప్పుడు. తమిళనాడులో ఈ కుడుకుడుప్పైవాళ్ళలో చాలామంది ఇంటి భాష తెలుగు. కంబళత్తు నాయకర్లమని చెప్పుకొంటారు. పాంచాలంకురిచి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌దీ ఆ వర్గమే. 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరితీయబడ్డ ఆయన కులదైవం కూడా జక్కమ్మే. 1959లో శివాజీ గణేశన్ సినిమాలో ఆయన తమిళ డైలాగులకు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన ఇంట్లో మాట్లాడింది తెలుగు! మహాకవి భారతి ఈ బుడబుక్కలవాడి ధోరణి తీసుకుని ‘పుదియ కోణంగి’ పాట కట్టారు, దేశానికి మంచికాలం చెప్పడానికి.

మదురై వైపు పనిచేసినప్పుడు ఒక ప్లాట్‌ఫారం మీద నేనే విన్నాను. పోర్టరుకు గడగడా తమిళంలో జోస్యం చెప్పి, పక్కకు తిరిగి భార్యతో, “పిల్లోడు తిన్నాడా?” అన్నాడు.

మనం తెలుగువాళ్ళను లెక్కపెట్టేటప్పుడు కన్యకా పరమేశ్వరి కోవెల చెబుతాం, 1996లో కోయంబేడుకు తరలిపోయే దాకా నడిచిన కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు చెబుతాం. ఈ కుటుంబాలు మన లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక మన పిల్లల తెలుగు ఏమైపోతుందోనని ఎన్ని సమావేశాలు పెట్టాం! నాలాగా తమిళ మీడియంలో చదివినవాళ్ళకు ఆ బాధ బాగా తెలుసు. బడి లేకుండా, అక్షరం లేకుండా, ఊరూరా తిరుగుతూ భాషను నిలుపుకున్నవాళ్ళను ఒక్క సమావేశానికైనా పిలిచామా?

ఇప్పుడు ఆ వృత్తికి చోటు లేదు. మన వీధుల్లో అరుగుల ఇళ్ళు గోడౌన్లయ్యాయి. తెల్లవారుజామున మూడింటికి తిరిగేవాణ్ణి వాచ్‌మన్ ఊరికే వదలడు. సంక్రాంతి వేదిక మీద మాత్రం మన పిల్లలు అద్దె తలపాగాతో బుడబుక్కల వేషం వేసి బహుమతి తీసుకుంటారు. వేసుకోనివ్వండి, ముచ్చటే.

ఈ ఏడు నిజమైన బుడబుక్కల కుటుంబాన్ని ఒకదాన్ని పిలవాలని కమిటీని అడిగాను. మేకప్ మనిషికి ఇచ్చే డబ్బుకు తక్కువ కాకుండా సంభావన ఇవ్వాలి. వేదిక మీద వద్దు. భోగి నాటి తెల్లవారుజామున గోవిందప్ప నాయకన్ వీధిలో నడవాలి, జోస్యం వాళ్ళింటి తెలుగులోనే చెప్పాలి. పోలీసు అనుమతికి అర్జీ నేను రాస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆదివారం సమావేశానికి వచ్చి చెప్పండి.