గుండె కోలుకున్నాక ఎంత శ్రమ? హృద్రోగ పునరావాసంలో వ్యాయామ తీవ్రత, అనంతపురం సీమ

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ లేదా వాల్వు ఆపరేషన్ అయినవారు మళ్లీ మామూలు జీవితంలోకి వచ్చేందుకు వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కలిసి నడిపే చికిత్సా క్రమాన్ని హృద్రోగ పునరావాసం అంటారు. మందులు, ఆహారం, పొగ మానడం, మనోధైర్యం అన్నీ అందులో భాగాలే. వాటిలో ఎక్కువ తర్జనభర్జన జరిగినది మాత్రం వ్యాయామ తీవ్రత గురించే. రోగి ఎంతసేపు నడవాలన్నది ఒక ప్రశ్న, ఎంత జోరుగా నడవాలన్నది మరో ప్రశ్న. జోరు తక్కువైతే గుండెకు మేలు అందదు. ఎక్కువైతే ప్రమాదం.

ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన పడే అనంతపురం పీఠభూమిలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఇక్కడ ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన మనిషి చాలాసార్లు తిరిగి వెళ్లేది కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి కాదు. చెనక్కాయ చేనికి, గొర్రెల మంద వెంట, ఉపాధి పనికి వెళ్తాడు.

మంచం నుంచి కుర్చీకి

ఛాతీలో బిగపట్టే నొప్పిని 'యాంజైనా' అని పేరు పెట్టి వివరించిన ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్. ఆయన వ్యాసం 1772లో అచ్చయింది. రోజూ అరగంట కట్టెలు కోయడం పనిగా పెట్టుకున్న ఒక రోగికి జబ్బు దాదాపు నయమైందని కూడా ఆయన రాసిపెట్టారు. 1880ల్లో జర్మన్ వైద్యుడు మాక్స్ ఓర్టెల్ గుండె జబ్బు ఉన్నవారిని వాలును బట్టి గుర్తులు పెట్టిన కొండదారుల్లో నడిపించారు. ముందు చదును నేల, తర్వాత కొద్దిపాటి ఎగువ, ఆపైన నిటారు దారి. శ్రమను మెట్లుమెట్లుగా పెంచాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో వైద్యం ఆ దారి విడిచిపెట్టింది. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండెపోటు లక్షణాలను స్పష్టంగా వివరించి, పూర్తి విశ్రాంతి కావాలన్నారు. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి వారాలు పడుతుందని 1930ల చివర శవపరీక్షల్లో తేలాక ఆరు వారాల మంచం పడక రివాజైపోయింది. తిండి ఒకరు తినిపించాలి, పక్కకు తిరగాలన్నా ఒకరు సాయం పట్టాలి. కండరాలు సడలి, కాళ్లలో రక్తం గడ్డకట్టి, భయంతో కుంగిపోయి ఎందరో రోగులు మరింత బలహీనులయ్యారు.

ఆ కట్టు తెంచినవారు బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్. తొలి రోజుల్లోనే రోగిని లేపి కుర్చీలో కూర్చోబెట్టవచ్చని 1952లో వారు ప్రచురించారు. 1966లో డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచంపై ఉంచి పరీక్షించారు. వారి శరీరం ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. వ్యాయామ శిక్షణతో అది తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే పెద్దదని తేలింది. మంచం మందు కాదని దీనికంటే గట్టిగా చెప్పిన ప్రయోగం లేదు.

శ్రమకు కొలతలు

లేచి నడవమన్నాక ఎంత అన్న లెక్క కావాలి. ఫిన్లాండ్ పరిశోధకుడు మార్టి కార్వోనెన్ బృందం 1957లో నాడి ఆధారంగా ఒక దారి చూపింది. గరిష్ఠ నాడి నుంచి విశ్రాంతి నాడిని తీసేస్తే మిగిలేది గుండె చేతిలో ఉన్న నిల్వ. ఒక రోగికి విశ్రాంతిలో నిమిషానికి 72, ట్రెడ్‌మిల్ పరీక్షలో గరిష్ఠంగా 142 వచ్చిందనుకుందాం. నిల్వ 70. అందులో 40 శాతం 28, 60 శాతం 42. వీటిని విశ్రాంతి నాడికి కలిపితే 100 నుంచి 114 మధ్య నాడితో నడవడం అతనికి మధ్యస్థ తీవ్రత. ఆ పైది జోరు.

ఈ లెక్కకు ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలి. ప్రాచుర్యంలో ఉన్న '220 నుంచి వయసు తీసేయడం' అనే సూత్రం గుండె రోగులకు నమ్మదగినది కాదు. వారిలో చాలామంది బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటారు, అవి నాడిని అణచిపెడతాయి. అందుకే స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ 1960ల్లో రూపొందించిన కొలబద్ద ఇంత విలువైనదైంది. 6 నుంచి 20 వరకు అంకెలు. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక చేతకాదు. తన శ్రమ ఎంతో రోగే చెబుతాడు. 12, 13 దగ్గర ఉంటే మధ్యస్థం. ఇంతకంటే తేలికైన పరీక్ష మాట. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే శ్రమ హద్దులో ఉంది. రెండు మాటలకోసారి దమ్ము తీసుకోవాల్సి వస్తే నెమ్మదించాలి. చదువు రాకపోయినా, గడియారం లేకపోయినా ఇది పనిచేస్తుంది.

1985లో కెనడాలో గోర్డన్ గయాట్ బృందం గుండె వైఫల్యం ఉన్నవారికి ఆరు నిమిషాల నడక పరీక్షను ప్రవేశపెట్టింది. చదునైన నడవా, రెండు గుర్తులు, ఒక గడియారం ఉంటే చాలు. రోగి ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడో రాసుకుంటారు. కొన్ని వారాలకు మళ్లీ నడిపిస్తే ఎంత మెరుగయ్యాడో తెలుస్తుంది.

అనంతపురానికి గుండె వైద్యం

1991 నవంబరు 22న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను నాటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. గుండె ఆపరేషన్ అంటే ఆస్తి అమ్ముకోవడమే అనుకున్న కాలంలో, ఊరికి ఒక్క ముఖ్యవీధి ఉన్న చోట పైసా తీసుకోకుండా ఆ ఆపరేషన్లు మొదలయ్యాయి. పుట్టపర్తి అప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కేంద్రమైంది.

మన పల్లెల్లో గుండె ఆపరేషన్ అంటే వయసు మళ్లినవారి బైపాస్ ఒక్కటే కాదు. చిన్నతనంలో గొంతు నొప్పితో మొదలై రుమాటిక్ జ్వరంగా మారి వాల్వులను దెబ్బతీసే జబ్బు పేద ఇళ్లనే ఎక్కువగా వెతుక్కుంటుంది. వాల్వు మార్చుకున్నది ఇద్దరు పిల్లల తల్లి కావచ్చు. ఆమెకు ఎంత బిందె ఎత్తవచ్చు, ఎప్పటినుంచి ఎత్తవచ్చు అన్నదే వ్యాయామ తీవ్రత ప్రశ్న. ఛాతీ ఎముక కోసి చేసే ఆపరేషన్ తర్వాత అది గట్టిపడేదాకా, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, బరువులెత్తవద్దంటారు. నడక మాత్రం ఆస్పత్రిలోనే మొదలుపెట్టిస్తారు.

రెండో పెద్ద మలుపు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం తొలుత మూడు జిల్లాల్లో మొదలైంది: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ వెనుకబాటుకు, వలసకు పేరుపడ్డ జిల్లాలే. పేద కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేల వరకు చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించింది. గుండె చికిత్సలు అందులో ముఖ్యమైనవి. కొన్ని జబ్బులకు ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు డాక్టరు సంప్రదింపు, పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలూ వచ్చాయి. కత్తి, మందు పేదవాడికి చేరాయి. కొలిచి పెంచే నడక మాత్రం అంత తేలిగ్గా చేరలేదు. దాన్ని ఒక్కరోజులో ఇచ్చి పంపలేరు, వారాల తరబడి వెంట ఉండి చేయించాలి. అమెరికాలో మెడికేర్ బీమా ఇందుకు 36 తరగతులకు డబ్బు చెల్లిస్తుంది. రాయదుర్గం పక్క పల్లె నుంచి ఒక రైతు వారానికి మూడుసార్లు పట్నం వచ్చిపోవడమంటే బస్సు ఖర్చు ఒకటి, పోయిన కూలి ఒకటి.

పార పట్టే చేతికి ఎంత మోతాదు

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. జనం దాన్ని కరువు పని, ఉపాధి పని అంటారు. చెరువులో పూడిక తీయడం, సేద్యపు కుంటలు తవ్వడం, గట్లు వేయడం అందులో ప్రధానం. గుండె ఆపరేషన్ అయిన కూలీకి తుది పరీక్ష ట్రెడ్‌మిల్ మీద కాదు, ఆ గుంతలోనే జరుగుతుంది.

వైద్యులు పని భారాన్ని 'మెట్' అనే కొలమానంలో చెబుతారు. ఊరికే కూర్చున్న మనిషి ఖర్చు ఒక మెట్. చదును నేల మీద మామూలు నడక సుమారు మూడు. పారతో మట్టి తవ్వడం ఐదు, గట్టి నేలలో జోరుగా తవ్వితే ఏడెనిమిది దాకా పోతుంది. గరిష్ఠ సామర్థ్యం ఆరు మెట్లే ఉన్న రోగి తవ్వకానికి దిగితే, తన శక్తిలో 80 శాతానికి పైగా ఖర్చు పెడుతున్నాడని అర్థం. రోజంతా సాగే పని సగటున గరిష్ఠ సామర్థ్యంలో 40 శాతం దాటకూడదన్నది వృత్తి పునరావాసంలో వాడుకలో ఉన్న లెక్క. ఇతనికి అది 2.4 మెట్లు. అంటే మధ్యమధ్య విరామాలు తప్పనిసరి, లేదా పని మారాలి.

మట్టి పనికి మరో రెండు చిక్కులున్నాయి. చేతులతో చేసే శ్రమ, కాళ్లతో చేసే అంతే శ్రమ కంటే నాడిని, రక్తపోటును ఎక్కువగా పెంచుతుంది. తట్ట నెత్తికెత్తేటప్పుడు ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టులు ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని నేర్పుతారు. ఎండ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే పనికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. నీరు తగ్గించే మాత్రలు వేసుకునేవారికి తల తిరగడం, పడిపోవడం మామూలే. ఉదయం చేసిన పని మోతాదు మిట్టమధ్యాహ్నానికి సరిపోదు. పైగా ఉపాధి పనిలో జట్టు తవ్విన కొలతను బట్టి కూలి వస్తుంది. జట్టు జోరుకు తగ్గితే తోటివారికి నష్టమని రోగి దాచుకుని పనిచేస్తాడు. వైద్యుడి సలహా చీటీ ఈ సంగతిని పట్టించుకుని రాయాల్సిందే.

జోరు మంచిదా, నిదానం మంచిదా

2000 తర్వాత నార్వేలోని ట్రాన్‌హైమ్ పరిశోధకులు కొత్త వాదన లేవదీశారు. గరిష్ఠ నాడిలో 90 నుంచి 95 శాతం వరకు నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో తేలిక నడక. ఉల్రిక్ విస్‌లోఫ్ బృందం 2007లో గుండె వైఫల్యం ఉన్న 27 మందిపై దీన్ని పరీక్షించి, నిదాన వ్యాయామం కంటే చాలా ఎక్కువ మెరుగుదల చూపింది. భద్రత మీద సందేహాలు వచ్చాయి. 2012లో అదే దేశం నుంచి 4,846 మంది రోగుల, సుమారు 1,75,000 గంటల వ్యాయామ లెక్కలు వెలువడ్డాయి. నిదాన వ్యాయామంలో ఒక మరణం, జోరు వ్యాయామంలో ప్రాణాపాయం తప్పిన రెండు గుండె ఆగిన ఘటనలు నమోదయ్యాయి. పర్యవేక్షణలో రెండింటి ప్రమాదమూ తక్కువే.

ఆ తర్వాత యూరప్‌లో 261 మందితో జరిగిన పెద్ద పరీక్ష 2017లో అచ్చయింది. జోరు వ్యాయామం గొప్పదని అందులో తేలలేదు. అంతకంటే ఆసక్తికరం, జోరు జట్టులో సగం మంది చెప్పినంత జోరుకు చేరలేదు, నిదానం జట్టులో 80 శాతం మంది చెప్పినదాన్ని మించి చేశారు. యంత్రాలు, శిక్షకులు ఉన్న చోటే మోతాదు ఇంత జారితే, ఒంటరిగా పొలం గట్టున నడిచే మనిషికి తేలికైన, తప్పు పోని కొలత ఎంత అవసరమో ఇది చెబుతోంది.

యోగా, ఇల్లు, ఊరి నడక

పల్లె తెలుగునాట ఈ జబ్బు ఎంత ముదిరిందో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను నమోదు చేసిన అధ్యయనం 2006లోనే చూపింది: దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. 2019లో వెలువడిన ప్రపంచ సర్వే 203 దేశాల్లో 111లోనే హృద్రోగ పునరావాస సేవలున్నాయని లెక్క తేల్చింది.

ఖరీదైన యంత్రం లేకుండా ఏం చేయవచ్చన్న ప్రశ్నకు భారతదేశం యోగా-కేర్ పరీక్షతో జవాబు వెతికింది. గుండెపోటు వచ్చిన 3,959 మంది, 24 ఆస్పత్రులు, 12 వారాల్లో 13 తరగతులు. 2020లో వచ్చిన ఫలితాల్లో పెద్ద గుండె ఘటనలు స్పష్టంగా తగ్గలేదు. అయితే తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు, పాత పనులకు తిరిగి వెళ్లినవారు యోగా జట్టులో ఎక్కువ. ఆసనాలు, ప్రాణాయామం తక్కువ తీవ్రత శ్రమ. నడకకు అవి తోడు కాగలవు.

85 పరీక్షల్లోని 23,430 మందిని కలిపి చూసిన 2021 నాటి కాక్రేన్ సమీక్ష, వ్యాయామ పునరావాసంతో గుండె జబ్బు మరణాలు, మళ్లీ గుండెపోటు, ఆస్పత్రి చేరికలు తగ్గుతాయని నిర్ధారించింది. ఇంటివద్ద చేసే కార్యక్రమాలూ ఆస్పత్రిలో చేసేవాటితో దాదాపు సమానంగా పనిచేస్తాయని వేరే సమీక్షలు చెబుతున్నాయి. అనంతపురం పల్లెలకు దగ్గరదారి ఇదే. డిశ్చార్జి రోజున ఆరు నిమిషాల నడక లెక్క, తెల్లవారుజామున మాట్లాడుతూ నడవమన్న సలహా, ఛాతీ నొప్పి, తల తిరగడం, అసాధారణమైన ఆయాసం వస్తే ఆగి ఆస్పత్రికి రమ్మన్న హెచ్చరిక, ఏ నెలలో ఏ పని పట్టవచ్చో తెలుగులో రాసిన చీటీ. వీటికి కావలసిన సామగ్రి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇప్పటికే ఉంది. చీటీ రాసేవారికి, దాన్ని ఊళ్లో చదివి చెప్పే ఆశా కార్యకర్తకు శిక్షణ ఇవ్వడం మిగిలి ఉంది.