నిర్ణయదోషములు

ముందుగా నమ్మినదానికి అనుకూలించు సాక్ష్యమును ఆదరించి ప్రతికూలమైనదానిని ఉపేక్షించుట, కొలదిపాటి అనుభవమునే సార్వత్రిక నియమముగా భావించుట, మనస్సునకు వెంటనే తోచినదే సత్యమని తలచుట మొదలగు బుద్ధిలోపములకు నిర్ణయదోషములని పేరు. ఇవి అజ్ఞానమువలన మాత్రమే కలుగునవి కావు. పండితుని బుద్ధియందును నిరాటంకముగా వర్తించును. కనుకనే ప్రాచ్య పాశ్చాత్య దార్శనికులు వీని స్వరూపమును, నివారణోపాయములను చిరకాలముగా విచారించిరి.

న్యాయదర్శనము: గౌతముని న్యాయసూత్రములయందు దుష్టహేతువులు హేత్వాభాసములను పేర ఐదు విధములుగా విభజింపబడినవి. 17వ శతాబ్దివాడును ఆంధ్రుడని ప్రసిద్ధుడును అగు అన్నంభట్టు, తన తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికయను వ్యాఖ్యయందు ఒక చక్కని నిదర్శనమును చూపెను. పార్థివవస్తువులు ఇనుముతో గీయబడుటను నూరుమార్లు చూచినవాడు, పార్థివమైనదెల్ల ఇనుమునకు లొంగునని నిశ్చయించుకొనవచ్చును. కాని పార్థివమేయగు వజ్రముపై ఇనుము గీతపెట్టజాలదు. ఆ యొక్క వ్యభిచారముతో, అనగా నియమభంగముతో, రెండును కలిసియుండగా చూచిన నూరు సహచారదర్శనములును వ్యర్థములగుచున్నవి. కావున వ్యాప్తిని, అనగా ఒకటి యున్నచోట రెండవది తప్పక యుండునను నియమమును, నిశ్చయించుటకు సహచారజ్ఞానము చాలదనియు, వ్యభిచారజ్ఞానము లేకుండుటయు ఆవశ్యకమనియు సిద్ధాంతము.

బేకన్ విచారము: ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లో ప్రకటించిన 'నోవమ్ ఆర్గనమ్' అను లాటిన్ గ్రంథమున బుద్ధిని ఆవరించు భ్రమలకు విగ్రహములని పేరిడి, మానవజాతికెల్ల సహజములైన జాతివిగ్రహములు, వ్యక్తి స్వభావశిక్షణలచే ఏర్పడు గుహావిగ్రహములు, మాటల అస్పష్టతచే పుట్టు విపణివిగ్రహములు, సిద్ధాంతములపై గ్రుడ్డినమ్మకముచే నిలుచు రంగస్థలవిగ్రహములు అని నాలుగు తెగలు చేసెను. నౌకాభంగమున మ్రొక్కుకొని బ్రదికినవారి చిత్రపటములను ఆలయమున చూపి దేవతల మహిమను ఒప్పుకొనుమనగా, మ్రొక్కియు మునిగిపోయినవారి పటములెక్కడ నున్నవని ఒకడు ప్రశ్నించెనను ప్రాచీనకథను ఉదాహరించి, నియమనిర్ధారణమునందు ప్రతికూలనిదర్శనమునకే బలమధికమని బేకన్ నిరూపించెను. ఉష్ణస్వభావమును పరీక్షించుచు, ఉష్ణమున్న చోట్లను, తత్సదృశములై యుండియు ఉష్ణములేని చోట్లను, హెచ్చుతగ్గులుగా నున్న చోట్లను వేర్వేరు పట్టికలకెక్కించెను. సూర్యకిరణములకు ప్రతిగా చంద్రకిరణములను చేర్చినది వీనిలో రెండవ పట్టికయందే.

ఆధునిక పరిశీలనము: 1960లో పీటర్ వాసన్ అను మనోవిజ్ఞానవేత్త 2, 4, 6 అను అంకెలనిచ్చి, వానియందలి నియమమును కనుగొనుటకై మరికొన్ని అంకెల వరుసలను సూచింపుమని కోరెను. పెక్కుమంది తమ ఊహకు సరిపడు వరుసలనే చెప్పి, రెండేసి చొప్పున పెరుగుటయే నియమమని తీర్మానించిరి. అంకెలు క్రమముగా పెరుగుటయే అసలు నియమము. తమ ఊహను భంగపరచు వరుసనొకదానిని అడిగియున్నచో వారికది తెలిసెడిది. 1974లో మనోవిజ్ఞానవేత్తలగు అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ ప్రకటించిన వ్యాసము అనిశ్చితస్థితులలో కలుగు ఇట్టి దోషములను క్రమబద్ధముగా వివరించెను.

నివారణము: జాగరూకుడనై యుందునను సంకల్పము ఈ దోషములకు తగిన మందు కాదు, ఏలయన దోషగ్రస్తమైన బుద్ధికి తన నిర్ణయము నిర్దుష్టముగనే తోచును. పూర్వపక్షమును ప్రతివాది మెచ్చునంత సమగ్రముగా చెప్పిన పిదపనే సిద్ధాంతమును స్థాపింపవలెనను మన శాస్త్రసంప్రదాయమును, ఖండనకు నిలువగల సిద్ధాంతమునే, అదియు తాత్కాలికముగనే, అంగీకరింపవలెనని 1934లో తత్త్వవేత్త కార్ల్ పాపర్ ప్రతిపాదించిన మతమును ఒకే మార్గమును బోధించుచున్నవి. న్యాయాధిపతియైనను, వైద్యుడైనను, సామాన్యగృహస్థుడైనను తీర్పు చెప్పుటకు ముందు తన అభిప్రాయమునకు విరుద్ధమైన నిదర్శనమును తానే వెదకి వ్రాసికొనుట విధిగా పాటింపవలసిన నియమము.