సాగర్ డ్యాం నాటి ఉద్దెర పుస్తకం

జర మంట దగ్గరికి జరుగు బిడ్డా, ఈ యేడు చలి బాగున్నది. మీ నాయినమ్మ పొద్దుగాలనే నీ సంగతి చెప్పింది. బీరువాల దత్తత కోర్టు కాయితం దొరికిందట, అండ్ల నీ పేరు చూసినవట, అప్పటిసంది మీ అమ్మతోని మాట్లాడుతలేవట. నిన్ను తిట్టనీకి పిలువలే. నీ తీరుగనే ఇరవయ్యేండ్లకు అసలు సంగతి తెలుసుకున్న ఒక ఆడపిల్ల ముచ్చట చెప్త. ఆమె మా ఆయనకు సొంత మేనకోడలు.

నందికొండ కాడ డ్యాం కడుతున్న రోజులవి. ఇప్పుడు అందరు నాగార్జునసాగర్ అంటరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టుల ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు ఇడిసింది. ఆ నడుమ పన్నెండేండ్లు అక్కడ ఒక లోకమే ఉండె. నువ్వు ఇప్పుడు చూసే డ్యాంలు కాంక్రీటుతోని పోస్తరు. అది అట్ల కాదు, రాతి కట్టడం. రాయి రాయి, తట్టెడు తట్టెడు మాలు మనుషులే మోసిన్రు. పాలమూరు నుంచి గుంపులు గుంపులుగ వచ్చిన్రు. గుంపు మేస్త్రి ఊర్లనే బయాన ఇచ్చి తోలుకొచ్చేటోడు. ఆలుమొగలు ఇద్దరూ పనికే. తట్టలెత్తే తల్లులు పసిపిల్లలను చీరె తొట్లెలల్ల పండబెట్టి పోయేటోళ్లు. ఆ గుడిసెలు చూసినోళ్లకు డ్యాం మీద నిలబడి ఫోటో దిగబుద్ధి కాదు.

మా వదినె మొగడు, నేను అన్న అని పిలిచేటిదాన్ని, ఆ కూలోళ్ల గుడిసెల పక్కన కిరాణం దుకాణం పెట్టిండు. జొన్నలు, మిరపకాయలు, బీడీలు, కిర్సనాయిలు. అంత ఉద్దెరనే. వారం బట్వాడ నాడు వచ్చి కట్టిపోదురు. వదినెకు పిల్లలు లేరు. ఆ గుడిసెలల్ల ఒక బాలింత విషజ్వరంతోని పడ్డది. పాలు ఎండిపోయినయి. అప్పటికే ఆమెకు ఇద్దరు పిల్లలు, మొగడు పనికి పోకుంటే పొయ్యి లేవదు. వదినె ఆ పసిగుడ్డును ఇంటికి తెచ్చుకొని మేకపాలు పట్టింది. తల్లి లేచి కూసున్నది గని పాలు మాత్రం రాలే. గుంపు ఇంకో పనికి ఎల్లిపోయే ముందట, ఆ తల్లిదండ్రులే మేస్త్రిని, ఇంకో నలుగురిని కూసోబెట్టి, బిడ్డను వదినె ఒళ్లె పెట్టిన్రు.

నేను అప్పటికి కొత్త కోడలిని. మా అత్తకు అది నచ్చలే. దత్తత అంటే మొగపిల్లగాడు, తలకొరివి పెట్టనీకి, ఇంటిపేరు నిలువనీకి. ఆడపిల్లను, అదీ ఏ కులమో తెలువని పిల్లను తెచ్చుకునుడేందని లొల్లి పెట్టింది. ఆమె మాట ఆమె కాలం మాట. అప్పటికే 1956ల హిందూ దత్తత చట్టం వచ్చింది. ఆడపిల్లను గూడ దత్తు తీసుకోవచ్చు, హోమం చేయకున్నా చెల్లుద్ది, ఇచ్చుడు తీసుకునుడు మాత్రం కచ్చితంగ జరగాలె. ఆ సంగతి అన్నకు ఎరుకే.

ఇంకో సంగతి గూడ ఆయనకు ఎరుకే, అది వినుమని నిన్ను ఇంతసేపు కూసోబెట్టిన. ఆ ఆలుమొగలకు దుకాణంల బాకీ ఉన్నది. ఆ దినం ఆ పద్దు కొట్టెయ్యమని మేస్త్రి అన్నడు. అన్న కొట్టెయ్యలే. "బాకీ కొట్టేస్తే రేపు ఈ పిల్లను నేను కొన్నట్టయితది, ఆమె మొఖం నేనెట్ల చూడాలె" అన్నడు. దత్తతకు పైసలు తీసుకునుడు, ఇచ్చుడు రెండూ ఆ చట్టంల నేరమే. ఆ తండ్రి ఇంకో పనిల సంపాయించి, మేస్త్రితోని మెల్లమెల్లగ పైసలు పంపి బాకీ తీర్చిండు. అన్న తారీకులేసి జమ రాసుకున్నడు. ఆ పుస్తకం పారెయ్యలే.

మరి పిల్లకెందుకు చెప్పలే అంటవు. వదినె భయం. నేను ఎన్నోసార్లు చెప్పిన, బడికి పోయే ఈడులనే చెప్పు, కథ చెప్పినట్టు చెప్పు అని. కర్ణుడికి సుత తన పుట్టుక సంగతి యుద్ధం నెత్తిమీదికి వచ్చినంక చెప్పిన్రు, అప్పటికి ఆయన ఏం చేసేదున్నది? వదినె ఏడ్చేది, రేపు చెప్త అనేది.

చివరికి పరాయోళ్లు చెప్పిన్రు. సంబంధం చూడనీకి వచ్చినోళ్లల్ల ఒక ముసలామె, "పెంపుడు పిల్లనాయె, పుట్టుక ఏందో" అని పిల్ల ముందటనే అన్నది. సంబంధం పోయింది, పోతే పోయింది. పిల్ల మాత్రం అన్నం ముట్టలే. తెల్లారి నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది: "అత్తమ్మా, నన్ను ఉద్దెర కింద ఇచ్చిన్రా?" కూలోళ్ల పిల్ల, దుకాణపోళ్ల ఇల్లు. ఆమె మనసుల లెక్క అట్ల పడ్డది. మీ నాయిననే అడుగుమని చెప్పి ఎంబడి పోయిన. అన్న ఏం మాట్లాడలే. అటక మీదికెల్లి ఆ పుస్తకం దింపి ఆ పేజీ తీసి చేతుల పెట్టిండు. బాకీ, దాని కింద జమలు, తారీకులు, మేస్త్రి పేరు, ఊరు. ఆమె వేలుపెట్టి ఒక్కొక్క వరుస చదివింది.

"పోయి చూసొస్త" అన్నది. వదినె గుండె జారిపోయింది, అయినా పోవద్దనలే. నేనూ వస్త అన్నది. కల్వకుర్తి దిక్కు ఊరు. మేస్త్రి చచ్చిపోయిండు, ఆయన కొడుకు ఇల్లు చూపించిండు. ఇంటికి తాళం. వలస పోయిన్రు, మిరగం నాటికి వస్తరన్నరు. వానలు పడ్డంక మళ్ల పోయిన్రు. తండ్రి లేడు. తల్లి ఉన్నది.

వదినె చెప్పిన మాట ఇది. ఆ తల్లి పిల్లను సక్కగ చూడలేకపోయింది. వదినెతోనే మాట్లాడింది. సాగర్ కాడ ఎవరెవరు పోయిన్రు, ఆ జ్వరం ఎట్ల కొట్టింది, మేకపాలు ఎవరింటియి, అంత. పిల్ల నడుమ కూసొని విన్నది. తాను పుట్టిన పూట, మంత్రసాని ఎవరు, ఎవరి పోలిక వచ్చింది, అన్ని అట్ల ఇద్దరు తల్లుల మాటలల్లనే తెలిసినయి.

తోడబుట్టినోళ్లు మాత్రం అనుమానపడ్డరు, భూమిల పాలుకు వచ్చిందేమోనని. దత్తు పోయినంక పుట్టినింటి ఆస్తిల హక్కు ఉండదు, ఆ మాట ఆమెనే చెప్పింది. పుట్టినింటి దిక్కు చేసుకోకూడని వరుసలు మాత్రం దత్తు పోయినా చేసుకోకూడదు, చట్టంల అట్లనే ఉన్నది. పుట్టినిల్లు ఏదో తెలువకుంటే ఆ సంగతి ఎట్ల తెలుస్తది? తర్వాత ఆమె పెండ్లయింది. పాలమూరు నుంచి ఒడిబియ్యం తెచ్చిన్రు. వదినె పొయ్యనిచ్చింది.

అందరికీ అసొంటి పుస్తకం దొరకది బిడ్డా. నేను అంగన్‌వాడీల పనిచేసిన రోజులల్ల మన దేవరకొండ దిక్కు తండాలల్ల ఏం జరిగిందో చూసిన. ఆడపిల్ల పుడితే దళారులు వాలేటోళ్లు. కొంత పైసలు చేతుల పెట్టి పసిగుడ్డును తీసుకపోయి ఆశ్రమాలకు, ఆడికెల్లి దేశం దాటించిన్రు. విదేశీ దత్తతలకు సుప్రీంకోర్టు 1984లనే కట్టుబాట్లు పెట్టింది, అయినా ఆగలే. 1999ల ఒకసారి, 2001ల ఇంకోసారి బయటపడి కేసులైనయి. తల్లిదండ్రులు పేదరికంతోని పిల్లలను సంస్థలకు వదిలేసే పద్ధతిని 2001ల సర్కారు బంద్ పెట్టింది. ఆ పిల్లలు ఇప్పుడు నీ కంటె పెద్దోళ్లు. తప్పుడు కాయితం పట్టుకొని తల్లిని ఎక్కడని ఎతుకుతరు? ఆ పాపం దళారులది, వాళ్ల కాయితాల మీద కండ్లు మూసుకొని సంతకం పెట్టినోళ్లది.

నీది కోర్టు ద్వారా అయిన దత్తత. నీకు దారి ఉన్నది. దాన్ని రూట్ సెర్చ్ అంటరు. పద్దెనిమిది నిండినయి గనక నువ్వే అడగొచ్చు. దత్తత ఇచ్చిన సంస్థను గని, జిల్లా బాలల రక్షణ ఆఫీసును గని, ఢిల్లీల దత్తతలు చూసే సర్కారు సంస్థ కారా ఉన్నది, దాన్ని గని. నీ బదులు ఇంకొకరు ఎతికితే చట్టం ఒప్పుకోదు, అందుకని పైసలిస్తే పట్టిస్తమనేటోళ్ల మాట వినకు. ఎవరో వదిలేస్తే దొరికిన పిల్లలకైతే ఎక్కడ, ఎట్ల దొరికిన్రో అంతవరకే చెప్తరు. కన్నతల్లే స్వయంగ అప్పజెప్పి, నా పేరు చెప్పొద్దని రాయించుకొని ఉంటే, ఆమె ఒప్పుకుంటేనే చెప్తరు. ఒప్పుకోకుంటే ఆమె గడప తొక్కకు. ఆమెకూ ఒక ఇల్లు, ఒక బతుకు ఉంటయి.

మీ అమ్మ చేసిన తప్పు నేను కాదనను. చిన్నప్పుడే చెప్పాల్సింది. గని ఆ కాయితం చింపెయ్యలే, కాలవెట్టలే, బీరువాల దాచిపెట్టింది. రేపు పొద్దుగాలనే ఇంటికి పో. ఆ రూట్ సెర్చ్ దరఖాస్తు ఆమెను పక్కన కూసోబెట్టుకొని నింపు.