విమానం: కొలతలోంచి పుట్టిన మాట

సంస్కృతంలో ‘మా’ ధాతువుకు అర్థం కొలవడం. దానికి ‘వి’ చేరి విమానమైంది. బాపట్ల భావనారాయణస్వామి గర్భాలయం మీదున్నదీ విమానమే, తెనాలి కుర్రాడు పెట్టెలో తెప్పించుకునే, దాదాపు ఎగరడానికి సిద్ధంగా వచ్చే ఏఆర్‌ఎఫ్ (ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై) బొమ్మా విమానమే. రెక్కలు, తోక తయారై వస్తాయి. మోటారు, రెక్కల, తోక పలకలను కదిపే సర్వోలు, రిమోటు సంకేతాలందుకునే రిసీవరు పెట్టెలో ఉన్నాయో, విడిగా కొనాలో ముందే చూసుకోవాలి.

అసలు కొలత బిగింపులో ఉంది. రెక్క కింద, తయారీదారు గుర్తుపెట్టిన చోట, రెండు వేళ్లు ఆనిస్తే సమంగా నిలవాలి. తోక బరువైతే గాల్లో మాట వినదు. బ్యాటరీని ముందుకు జరపాలి. ప్రొపెల్లరు మాత్రం అన్నీ పరీక్షించాకే! బల్ల మీద మోటారు ఉన్నట్టుండి తిరిగిందంటే వేళ్లకే ప్రమాదం.

ఇక ఎగరేసే చోటు సంగతి. వరి కోసినా రేపల్లె చేలల్లో మినుము ఉంటుంది, దిగే చోటు చూసుకోవాలి. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రముంది కనుక, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా బాపట్లలో ఎగరేయకూడదు.