గండి

చెరువుకట్టలో ఎండ్రకాయ బొక్క ఒకటి చాలు. ముందు దారంలా నీళ్లు కారతాయి, తర్వాత మన్ను కరిగి జారుతుంది, తెల్లారేసరికి బండి పట్టేంత సందు. దాన్ని మనం గండి అంటాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు కూడా గండే. అంచున నిలబడి చూస్తే సుమారు 300 అడుగుల లోతున నీళ్లు కనబడతాయి. అక్కడి కోటకు గండికోట అని పేరు అందుకే వచ్చింది. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండను చీల్చిన చోట వెలసిన అంజన్న గండి ఆంజనేయుడు. కనుమ వేరు, అది మనిషి దాటే దారి. గండి నీళ్లు తెరిచిన దారి.

యుద్ధంలో గండి విలువ వెనక్కి తగ్గేవాడికి బాగా తెలుస్తుంది. ఇరుకున పదిమంది నిలబడితే మిగతావాళ్లు కొండెక్కుతారు. 1846లో పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాక, వెంటపడిన కుంఫిణీ సేనలతో పోరాడుతూ కొండలనే నమ్ముకున్నాడు. చివరికి అక్టోబరు 6న పేరుసోమల కొండల్లో, ఈ ఎర్రమలలోనే, దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 దాకా అక్కడి కోట గుమ్మానికి వేలాడదీశారు. తలచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నేడు జీతానికి, ఆదాయానికి, ఓట్లకు కూడా గండి పడుతుందంటున్నాం. పడిన గండిని ‘పూడ్చాలి’ అనే మాట మాత్రం ఇంకా చెరువుకట్ట మీదిదే, తట్టలతో మన్ను మోసినవాళ్లదే.