సీవకుడి ప్రశ్న: అంతా కర్మేనా?

ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు చదువుకుని ఉద్యోగంలో స్థిరపడతారు, మరొకరు కూలిపనిలోనే ఉండిపోతారు. ఒకే వీధిలో ఒకే జ్వరం సోకిన ఇద్దరు పిల్లల్లో ఒకరు కోలుకుంటారు, ఒకరు దక్కరు. ఎందుకిలా? దీనికి మన ఊళ్లలో సిద్ధంగా ఉండే జవాబులు రెండు: తలరాత, పూర్వజన్మ కర్మ. ధమ్మదీక్ష తీసుకున్న మన ఇళ్లలో కూడా చావు దగ్గర, కష్టం దగ్గర ముందుగా నోటికొచ్చేవి ఈ రెండు మాటలే. ఇదే ప్రశ్న మీద బుద్ధుని కాలంలో పెద్ద వాదమే నడిచింది. ఆ వాదంలో భగవానుడు ఎక్కడ నిలిచాడో తెలుసుకోవడం మనకు పాండిత్యం కోసం కాదు, బతుకు కోసం అవసరం.

నూలు ఉండ సిద్ధాంతం

దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో ఒక పున్నమి రాత్రి మగధ రాజు అజాతశత్రువు రాజగృహంలోని జీవకుని మామిడితోటకు వస్తాడు. తండ్రి బింబిసారుణ్ణి చంపించి గద్దెనెక్కిన రాజు. ఆనాటి ఆరుగురు ప్రసిద్ధ ఆచార్యులు తనకు చెప్పిన జవాబులను అతడు బుద్ధునికి వినిపిస్తాడు. వారిలో ఒకడు మక్ఖలి గోశాలుడు, ఆజీవకుల గురువు.

గోశాలుడి మాట సూటిగా ఉంటుంది. మనుషులు చెడడానికి కారణమేదీ లేదు, బాగుపడడానికీ కారణం లేదు. ప్రయత్నమనేది ఉత్తమాట. జీవులను మలిచేవి మూడే: నియతి, సంగతి, భావం. నియతి అంటే ముందే నిర్ణయమైపోయినది. సంగతి అంటే అనుకోకుండా వచ్చి తగిలేది, పరిస్థితుల కలయిక. భావం అంటే ఎవరి స్వభావం వారిది. విసిరిన నూలు ఉండ దారం ఉన్నంత మేరా విప్పుకుంటూ పోయి ఆగినట్టే, మూర్ఖుడైనా పండితుడైనా ఎనభై నాలుగు లక్షల మహాకల్పాలు తిరిగి ఆగవలసిందే అంటాడు.

ఈ సిద్ధాంతాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అనుకోనివి తగులుతాయన్నది మనందరికీ అనుభవమే, మనుషుల స్వభావాలు వేరువేరన్నదీ అనుభవమే. పైగా అంతా నియతి అయినప్పుడు యజ్ఞాలతో పనిలేదు, పురోహితుడి దక్షిణతోనూ పనిలేదు. ఆజీవకులు చాలాకాలం నిలిచారు. అశోకుడు పట్టాభిషేకమైన 12వ ఏట నేటి బీహార్‌లోని బరాబర్ కొండల్లో వారికి గుహలు దానం చేశాడు. అతని మనుమడు దశరథుడు పక్కనే ఉన్న నాగార్జుని కొండ గుహలు ఇచ్చాడు. తమిళ దేశంలో వారి ఉనికి ఆ తరువాత కూడా శతాబ్దాల పాటు కనిపిస్తుంది.

ఇతరుల మతాలను సాధారణంగా మృదువుగానే విచారించే బుద్ధుడు ఈ ఒక్క మతాన్ని మాత్రం కటువుగా ఖండించాడు. అంగుత్తర నికాయంలో ఆయన దీన్ని మనిషి వెంట్రుకలతో నేసిన కంబళితో పోల్చాడు. చలికాలంలో చల్లగా, ఎండాకాలంలో వేడిగా ఉండి ఏ కాలంలోనూ అక్కరకు రాని బట్ట అది. కారణం ఒక్కటే: అది కర్మను, క్రియను, వీర్యాన్ని, అంటే మనిషి చేతను, ప్రయత్నాన్ని కాదంటుంది.

ఆజీవకులకు గుహలిచ్చిన అశోకుడే మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఏం చెక్కించాడో గుర్తు చేసుకుందాం. ధర్మఫలం గొప్పవారికే దక్కేది కాదని, చిన్నవాడు కూడా పరాక్రమిస్తే, అంటే గట్టిగా పూనుకుంటే అందుకోగలడని ఆ లఘు శిలాశాసనం భావం. దానం అందరికీ ఇచ్చాడు గానీ, ప్రజలకు చెప్పిన మాట ప్రయత్నం గురించే.

సీవకుడికి దొరికిన జవాబు

గోశాలుణ్ణి కాదంటే ఇక మిగిలేది కర్మవాదమే అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే పొరపాటు. అంగుత్తర నికాయంలోని తిత్థ సుత్తంలో బుద్ధుడు మూడు అభిప్రాయాలను పక్కపక్కన నిలబెట్టి మూడింటినీ తోసిపుచ్చాడు: సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అనడం, ఈశ్వరుడి సృష్టి వల్లే అనడం, ఏ కారణమూ లేకుండా వస్తాయనడం. మూడింటికీ వేసిన ప్రశ్న ఒకటే. అలాగైతే హంతకుడు హత్య చేసేదీ, దొంగ దొంగతనం చేసేదీ పూర్వకర్మ వల్లేనా, ఈశ్వరుడి వల్లేనా, అకారణంగానేనా? అలా నమ్మినవాడికి ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే పట్టింపు ఎక్కడ మిగులుతుంది?

సంయుత్త నికాయంలో దీనికంటే స్పష్టమైన సంభాషణ ఉంది. రాజగృహ వేణువనంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమే అని కొందరు అంటున్నారు, తమరేమంటారు? భగవానుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి ప్రకోపించడం, రుతువుల మార్పు, జాగ్రత్త తప్పిన నడవడి, బయటినుంచి వచ్చిపడే దెబ్బ, ఎనిమిదోది కర్మవిపాకం. వీటి వల్ల బాధ కలుగుతుందని ఎవరికి వారు తెలుసుకోగలరు, లోకమూ ఒప్పుకుంటుంది. అన్నీ పూర్వకర్మే అనేవారు ఈ రెండింటినీ దాటిపోయి మాట్లాడుతున్నారన్నాడు. కర్మను ఎనిమిదింట ఒకటిగా లెక్కించిన గురువు పేరు చెప్పి ఎనిమిదికి ఎనిమిదీ కర్మే అనడం మనకు తగదు.

మనుషులు ఒక్కలా ఉండరని తెలిసిన సంఘం

స్వభావభేదాలను బుద్ధుడు కాదనలేదు. సంబోధి పొందాక ధమ్మం చెప్పాలా వద్దా అని తలపోసినప్పుడు ఆయనకు లోకం ఒక తామరకొలనులా కనిపించింది. కొన్ని తామరలు నీళ్లలోపలే ఉన్నాయి, కొన్ని నీటి మట్టానికి వచ్చాయి, కొన్ని నీటిని దాటి నిలిచాయి. కళ్లలో దుమ్ము కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. అది చూశాకే ఆయన బోధించడానికి నిశ్చయించుకున్నాడు.

చుల్లపంథకుడి కథ ఈ దృష్టికి మంచి ఉదాహరణ. నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ కంఠస్థం చేయలేకపోయాడని అట్ఠకథలు చెబుతాయి. సొంత అన్న మహాపంథకుడే అతణ్ణి విహారం నుంచి పొమ్మన్నాడు. బుద్ధుడు అతని చేతికి ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చి, దాన్ని రుద్దుతూ అది మాసిపోవడాన్ని గమనించమన్నాడు. పుస్తకం తలకెక్కనివాడికి గుడ్డముక్కే పాఠమయింది, అతడు అర్హంతుడయ్యాడు. వాడిపోయిన పూలు ఊడ్చిపోసే సునీతుడికి ఒకనాడు దారిలో బుద్ధుడు ఎదురయ్యాడు. గోశాలుడైతే దాన్ని సంగతి అంటాడు. నిజమే, ఆ ఎదురుపడడం ఎవరూ ఏర్పాటు చేసింది కాదు. కానీ ఎదురుపడిన మనిషి పక్కకు తప్పుకోకుండా రమ్మని పిలవడం మాత్రం తెలిసి చేసిన పని. శాక్యుల మంగలి ఉపాలి తన యజమానులకంటే ముందు ప్రవ్రజ్య పొంది, మొదటి సంగీతిలో వినయం వల్లించే స్థానానికి చేరాడు. పుట్టుక అనే కాకతాళీయం ఆ తలుపు దగ్గర ఆగిపోయింది.

బాబాసాహెబ్ దారి

"అంబేడ్కర్ అంతటి పేదరికంలోంచి ఎదిగాడు కదా, మీకేమైంది?" అని మన పిల్లలను నిలదీసేవారు ఆయన జీవితాన్ని సగమే చదివినవారు. 1891లో మహూలో పుట్టిన భీమరావు తండ్రి రామ్‌జీ సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. మహర్లకు చదువు అందిన కొద్ది దారుల్లో సైన్యం ఒకటి. భీమరావు పుట్టిన ఒకటి రెండేళ్లకే మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ప్రభుత్వం ఆపేసింది. ఒక తరం తేడాతో ఆ తలుపు మూసుకుపోయింది. ఇద్దరినీ చదివించే స్తోమత లేక అన్న ఆనందరావు చదువు మానుకుని పనిలో చేరాడు. కేళుస్కర్ గురూజీ ఆ కుర్రవాడిలోని చదువు ఆసక్తిని గమనించి, తాను రాసిన బుద్ధచరిత్రను బహూకరించాడు, బరోడా మహారాజు సాయాన్ని అందేలా చేశాడు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయాడు, అదే ఏడు బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు ప్రయాణం. 1917లో తిరిగివచ్చేటప్పుడు విడిగా పంపిన పుస్తకాలు ఓడతో సహా మునిగిపోయాయి. అయిదుగురు బిడ్డల్లో నలుగురు పసితనంలోనే పోయారు.

ఇందులో అదృష్టమూ దురదృష్టమూ రెండూ ఉన్నాయి, అసాధారణమైన మేధ ఉంది, అలుపెరగని శ్రమ ఉంది. ఏ ఒక్కదాన్ని తీసేసినా ఆ దారి మనకు తెలిసిన దారి కాదు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. అందుకే తనలా పైకి రమ్మని చెప్పి ఊరుకోలేదు. విద్యాసంస్థలు పెట్టాడు, రిజర్వేషన్లను రాజ్యాంగంలో నిలిపాడు. ఒక కేళుస్కర్ తారసపడని పిల్లవాడికీ చదువు అందాలన్నదే దాని అర్థం. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని గట్టిగా నిరాకరించాడు. పేదల, అణగారినవారి దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యమూ సమాజమూ తప్పించుకోవడానికే అది పనికొస్తుందని తేల్చాడు.

బస్తీలో ఈ ప్రశ్న

మేము పనిచేసే బస్తీల్లో మ్యాన్‌హోల్‌లోనో సెప్టిక్ ట్యాంక్‌లోనో దిగి ఊపిరాడక పోయినవారి ఇళ్లకు వెళ్లవలసి వస్తుంది. ఆ రోజు దిగింది ఇతడే ఎందుకు, పక్కవాడు ఎందుకు కాదు? ఎవరో సెలవు పెట్టి ఉంటారు, వంతు మారి ఉంటుంది. అది సంగతే. "వాడి రాత అంతే" అని ఇంటి పెద్ద అంటాడు, కాంట్రాక్టరు మనిషి తల ఊపుతాడు. ఆ మాట అందరికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఆ తల ఊపినవాడికే. చేతికి పదో పరకో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి అది దారి తీస్తుంది.

సీవకుడికి చెప్పిన జవాబుతో చూస్తే అక్కడున్నది విషవాయువు, జాగ్రత్త తప్పిన ఏర్పాటు, బయటినుంచి పడ్డ దెబ్బ. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పది లక్షలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. వంతు ఎవరికి పడిందన్నది యాదృచ్ఛికం కావచ్చు. కానీ ఆ వంతుల జాబితాలో ఎప్పుడూ కొన్ని కులాల పేర్లే ఉండడం యాదృచ్ఛికం కాదు.

కాబట్టి ఉపాసకులకు మా విన్నపం ఇది. కష్టం వచ్చిన ఇంట్లో కర్మ అనే మాట ఎవరైనా ఎత్తితే కసరకండి, దుఃఖంలో ఉన్నవారితో వాదం వద్దు. పక్కన కూర్చుని ఎనిమిది కారణాలు గుర్తు చేయండి, వీటిలో ఇక్కడ జరిగిందేమిటో కలిసి వెతకండి. ఎవరూ ఆపలేనిదైతే ఆ దుఃఖాన్ని కలిసి మోద్దాం. ఎవరో ఆపగలిగి ఆపనిదైతే మర్నాడు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు, ఆ తర్వాత కలెక్టరు కార్యాలయానికి వారితో కలిసి నడుద్దాం.